ఏడో గుట్ట మీద కూత

రోహిణి కార్తె, మొదట్లో

ఈ కార్తె నుంచి కావలి పుస్తకం రాసే పని నాకిచ్చారు. చూసినవి మాత్రమే రాయాలట, అభిప్రాయాలు రాయకూడదట. సరే, చూసినవే రాస్తాను. వాటితో పాటు అభిప్రాయాలు కూడా వస్తే అది నా తప్పు కాదు.

పొద్దున్నే అగ్గి గీత ఊడ్చాం. గుట్ట చుట్టూ రెండు బారల వెడల్పున ఎండాకు లేకుండా నేల కనిపించాలి. నిప్పు పుడితే ఆ గీత దగ్గర ఆగిపోవాలి. రాత్రి గాలికి మళ్లీ టేకాకు నిండిపోయింది, ఊడ్చిన చోటే ఊడ్చాం. పిట్టల సాసర్లలో నీళ్లు పోశాం. అడవి శబ్దాలు వినే యంత్రం ఉంది, పేరు చెవి. చెట్లకు బిగించిన దాని బిళ్లల మీది సాలెగూళ్లు తుడిచాం. అవి మూసుకుపోతే చెవికి వినపడదు, వినపడకపోతే జిల్లా ఆఫీసు నుంచి తూనీగలు అనే డ్రోన్లు వచ్చి మా నెత్తి మీద గిర్రున తిరుగుతాయి.

ఏడో గుట్ట అంటున్నాను గానీ ఇది భూమిలోంచి పుట్టిన గుట్ట కాదు. బొగ్గు కోసం నేలను తిరగేసిన రోజుల్లో లోపలి మట్టిని తెచ్చి పోస్తే అయిన గుట్ట. బొగ్గు తవ్వడం ఆగిపోయాక, పని పోయినవాళ్లే దీని మీద విత్తనాలు చల్లారు. కానుగలు, వెదురు, నల్లమద్ది అన్నీ వాళ్ల చేతివే. ఇప్పుడిది ప్రజల అడవి. ఎవరైనా రావచ్చు, నడవచ్చు, నీడన కూర్చోవచ్చు. చూసుకోవడం మా సంఘం పని. జీతం లేదు.

సాయంత్రం కావలికి ఓదెలు తాత, పోశవ్వ వెళ్లారు. కావలి ఎప్పుడూ ఇద్దరిద్దరం. ఒకరు తూర్పు వాలు, ఒకరు పడమటి వాలు, మధ్యలో గుట్ట వీపు. ఒకరికొకరు కనపడరు. మిగతా వాళ్లు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు గానీ వీళ్లిద్దరూ ఎక్కడున్నారో బస్టాండులో ఉన్నవాడు కూడా చెప్పగలడు. తాత పడమటి నుంచి “ఊ… హోయ్” అని కూస్తాడు. పోశవ్వ తూర్పు నుంచి “హో… ఓయ్” అంటుంది. నాలుగడుగులు వేస్తే మళ్లీ అదే. మధ్యలో పలకరింపులు.

“ఏం వదినే, నడుస్తున్నవా, కూసున్నవా?”

“నీ లెక్క చెట్టుకు ఆనుకొని కునుకు తీస్తున్న అనుకున్నవా మర్ది? నడువు.”

నెమలి ఒకటి దారి మీదికి రాబోయి వెనక్కి పోయింది. అది చూశాను. నా దగ్గర ‘అడవిలో అతిథి మర్యాద’ అనే కరపత్రం ఉంది. మనిషి గొంతు అడవి గుండె మీద బండరాయి అని అందులో ఉంది. ఆ మాట చదివినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

రోహిణి కార్తె, మధ్యలో

సంఘం సమావేశంలో లేచి నిలబడ్డాను. కరపత్రం మొత్తం చదివి వినిపించాను. ఇకనుంచి మౌన కావలి ఉండాలన్నాను. కూతలు బంద్. ఒకరినొకరు తెలుసుకోవడానికి చేతి పట్టీలు తెప్పించాను. ఒకరు నొక్కితే రెండో వారి పట్టీ వణుకుతుంది.

పోశవ్వ పట్టీని చింతగింజలా అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇది వణికితే మనిషి మంచిగున్నట్టు ఎట్లనే? నేను సచ్చి ఒరిగినా, చెయ్యి రాయికి తగిలితే వణుకుతది.”

“అవ్వా, మనకోసం కాదు, అడవి కోసం,” అన్నాను.

“మేము అడవిల లేమా మరి?”

నాకు కోపం వచ్చింది. వచ్చినప్పుడు నా మాటలు నా చేతిలో ఉండవు. అడవిని పెంచినంత మాత్రాన అది మీ ఇల్లు అయిపోదు, ఇంట్లో అరిచినట్టు అరిస్తే కుదరదు అన్నాను. అందరూ ఓదెలు తాత వైపు చూశారు. ఆయన ఆఖరి బొగ్గు బాయి మూసేదాకా లోపల పనిచేసినవాడు, ఆయన మాటకు సంఘంలో ఎదురు లేదు.

తాత తలపాగా సర్దుకున్నాడు. “పోరి సదివింది. సదివినోళ్లు చెప్తె ఇనాలె,” అని మొదట ఆయనే చెయ్యి ఎత్తాడు.

గెలిచాను. ఇది అభిప్రాయం కాదు, జరిగినదే.

రోహిణి కార్తె, చివర్లో

మౌనం పనిచేస్తోంది. నెమళ్లు దారి మీదికి వస్తున్నాయి. కుందేలు నా చెప్పు వాసన చూసి పోయింది. నేను కదలలేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఓదెలు తాత రావడం లేదు. మోకాళ్ల నొప్పులట. పక్కింటి వాళ్లతో విత్తన బంతులు మాత్రం పంపుతున్నాడు, గింజలు బంకమట్టిలో పెట్టి గుండ్రంగా చేసి, ఆరబెట్టి. పోశవ్వ వస్తోంది గానీ నాతో మాట్లాడటం లేదు. మౌన కావలి కదా అంటోంది.

మృగశిర కార్తె, తొలి వాన

వాన పడింది. పుట్టల నుంచి ఉసిళ్లు లేచాయి. అన్నీ సంతోషంగా రాయాల్సిన రోజు. కానీ గేటు దగ్గర, చెవి విన్నది చూపించే పలక ఎర్రగా మారింది.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రాస్తున్నాను. చెవి గుట్ట మీది శబ్దాలన్నీ విని, ఏ ప్రాణి ఉంది, ఏది లేదు అని చూసుకుంటుంది. మనుషుల మాటలు మాత్రం వినకూడదని చట్టం. మాట అనిపించినదాన్ని అప్పటికప్పుడే చెరిపేస్తుంది. ఆ చట్టం కోసం కొట్లాడినవాళ్ల కరపత్రం కూడా నా దగ్గర ఉంది, మంచి చట్టం.

పలక మీద ఇలా ఉంది: “ఏళ్లుగా ఉన్న ఒక ప్రాణి గొంతు ఆగిపోయింది. పేరు తెలియదు. పెద్ద ప్రాణి. జతగా ఉంటుంది. గుట్ట పైభాగంలో తిరుగుతుంది.”

మధ్యాహ్నం రేంజర్ నజీమా మేడం వచ్చింది. అడవికి వచ్చేటప్పుడు బూట్లు గేటు దగ్గర దులుపుకుని, బయటి గడ్డి గింజలు లోపలికి రాకుండా చూసుకునే మనిషి. అందుకే ఆమె మీద నాకు గౌరవం.

“ఉన్న ప్రాణి పోయిందంటే అడవికి మూత వేయాలి సంఘవీ. నా చేతిలో లేదు. ఆరుద్ర చివరిలోపు అది మళ్లీ వినిపించకపోతే కంచె వేస్తారు. పన్నెండేళ్లు మనిషన్నవాడు లోపలికి రాకూడదు. మీరు కూడా.”

ఒక్క క్షణం నాలో కరపత్రం చదివిన మనిషి ‘మంచిదే కదా, అడవి ఊపిరి పీల్చుకుంటుంది’ అంది. అప్పుడే పోశవ్వ చీపురు నేలకేసి కొట్టి, పుల్లలు సమానం చేసుకుంటూ అంది.

“పన్నెండేండ్లా. అప్పటికి నన్ను ఈడికి ఎవ్వలు మోసుకస్తరు మేడం?”

నాలో కరపత్రం చదివిన మనిషి నోరు మూసుకుంది.

మృగశిర కార్తె, తర్వాత

వెతుకుతున్నాం. పెద్ద ప్రాణి, జత. చిరుతలు అంటున్నారు టౌన్లో. ఎలుగులని ఒకరు, ఎవరూ చూడని పెద్ద గుడ్లగూబలని ఒకరు. టీ కొట్టు దగ్గర దానికి నాలుగు కొమ్ములు కూడా మొలిచాయి. మేము అడుగు జాడలు, వెంట్రుకలు, పెంటికలు వెతికాం. ఏమీ లేదు.

ఉన్నది వేరే సంగతి. గుట్ట వీపు మీద నిరుడు పెట్టిన నల్లమద్ది మొక్కలన్నిటినీ అడవి పందులు తవ్వి బోర్లించాయి. ఇన్నేళ్లలో పందులు అంత పైకి ఎప్పుడూ రాలేదు. సందర్శకులు పారేసే తిండి వాసనకే వచ్చి ఉంటాయని తేల్చుకున్నాను. అప్పుడే ఒక కుటుంబం పులిహోర డబ్బా విప్పుతూ కనిపించింది. మీ వల్లే ప్రాణి పోయింది, మీ వల్లే పందులు వచ్చాయి అని అరిచాను. వాళ్ల పసిపిల్ల జడుసుకుని ఏడ్చింది. తల్లి డబ్బా మూసి, కింద రాలిన నాలుగు మెతుకులు ఏరి కొంగులో వేసుకుని వెళ్లిపోయింది. ఏరుకోవడం చూసి సిగ్గేసింది.

పోశవ్వ చాలా రోజులకు నాతో మాట్లాడింది. “నీ అరుపుకు పందులు గోదారి దాటినై. రోజూ ఇట్లనే అరువు, మొక్కలు బతుకుతై.”

వెటకారం అనుకున్నాను.

ఆరుద్ర కార్తె, మొదట్లో

ఇవాళ జరిగింది ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పోయిన ప్రాణిని రప్పించడానికి ఆఖరి ప్రయత్నంగా తూనీగలను పంపుతున్నామని నజీమా మేడం చెప్పింది. చెవి దగ్గర దాచి ఉన్న ఆ ప్రాణి గొంతును తూనీగలు గుట్ట మీద వినిపిస్తాయి. ఎక్కడైనా దాక్కుని ఉంటే అది బదులు ఇస్తుంది. సంఘం మొత్తం గుట్ట వీపు మీద చేరాం. టౌన్ నుంచి కూడా జనం వచ్చారు. ఎన్నడూ చూడని ప్రాణి గొంతు మొదటిసారి వినబోతున్నాను.

తూనీగలు పడమటి వాలు మీదికి వెళ్లాయి. కాసేపు రెక్కల రొద తప్ప ఏమీ లేదు. తర్వాత వినిపించింది.

“ఊ… హోయ్.”

జనం చెవులు రిక్కించారు. ఒకాయన చిరుతే అన్నాడు. అది ఓదెలు తాత గొంతు. మాటలను చెరిపేసే చెవి తిట్లను, పలకరింపులను అన్నిటినీ చెరిపేసింది. మాట కాని కూత మాత్రం మిగిలింది. ఏళ్ల తరబడి, జతగా, గుట్ట పైభాగంలో. ఆ ప్రాణి గొంతు నొక్కింది ఏ వేటగాడో కాదు. నేను.

విత్తనాలు చెరుగుతున్న పోశవ్వ చేట కింద పెట్టి లేచింది. తూర్పు వైపు నాలుగడుగులు వేసి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది.

“హో… ఓయ్.”

తూనీగ మళ్లీ కూసింది. ఆమె మళ్లీ పలికింది. మూడోసారి ఆమె ఊరుకుంది. “వాడు గాదు,” అంది. “వాడైతే ఈపాటికి తిట్టేటోడు.”

జనం నవ్వారు. నజీమా మేడం నవ్వలేదు. ఆమెకు అర్థమైంది.

అదే రోజు, సాయంత్రం

నజీమా మేడం నన్ను, పోశవ్వను పక్కకు పిలిచింది.

“అది మనుషుల కూత అని నేను రాస్తే, ఇకనుంచి చెవి దాన్ని కూడా మాటల్లాగే చెరిపేస్తుంది. ప్రాణి అన్నదే లేదు కాబట్టి మూత ఉండదు. కానీ ఆ తర్వాత కూస్తే అడవిలో అల్లరి చేసినట్టు. కూయనివ్వను.”

“రాయకపోతే?” అన్నాను.

“రాయకపోతే వీళ్లిద్దరూ కూసుకోవచ్చు, అడవి తెరిచి ఉంటుంది. నేను అబద్ధం చెప్పినట్టు అవుతుంది. ఇంతవరకూ చెప్పలేదు.”

“నాకోసం నువ్వు అవద్ధమాడకు బిడ్డా,” అంది పోశవ్వ ఆమెతో. “కూత బంద్ చేస్తం. ఇప్పటికే చేసినం గదా.” అని నా వైపు చూడకుండా చేట తీసుకుని వెళ్లిపోయింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

రేపటి దాకా ఆగమని మేడంను బతిమాలాను. నేను బతిమాలడం సంఘం చరిత్రలో ఇదే మొదలు.

అక్కడి నుంచి ఓదెలు తాత క్వార్టర్‌కు వెళ్లాను. అరుగు మీద కూర్చుని మట్టి పిసుకుతున్నాడు. నన్ను చూసి, మోకాళ్ల నొప్పులన్న సంగతి గుర్తొచ్చి, ఒక కాలు చాపుకున్నాడు.

“ఏ కాలు తాతా నొప్పి?”

“రెండు,” అని రెండోది కూడా చాపాడు.

తూనీగల సంగతి చెప్పాను. మట్టిలో గింజ పెట్టి ముద్ద చుట్టాడు.

“బాయి లోపల దీపం ఆరిపోతె మనిషికి తన చెయ్యి తనకే కనవడదు బిడ్డా. నాకు జోడు రాజన్న, మీ పోశవ్వ పెనిమిటి. ఆయన ఆ మూలకెళ్లి కూసేటోడు, నేను ఈ మూలకెళ్లి కూసేటోన్ని. బదులచ్చిందంటె పైకప్పు ఇంకా ఉన్నట్టు. రాజన్న పోయినంక ఒకరోజు ఒక్కన్నే గుట్టెక్కి కూసిన. ఉత్తగనే. మనసు పట్టలేక. అవతల్నుంచి బదులచ్చింది.”

“పోశవ్వా?”

“ఆమె ఒక్కనాడు బాయిల దిగలే. ఆ కూత ఆమెకెట్ల తెల్సో నేను అడగలే. అడగబుద్ధి కాలే.” మట్టి ముద్దను గట్టిగా నొక్కాడు. “పట్టీ పెట్టుకొని తిరిగి చూసిన. వణుకుతది. కని ఒక్కన్నే ఉన్నట్టు ఉంటది. ఇగ ఇంటికాడ ఉంటె నయం గదా అనుకున్న.”

“నాకు ఆ రోజే చెప్పొచ్చు కదా. చెయ్యి ఎందుకు ఎత్తావు?”

“నువ్వు అంత ఇష్టంగ చెప్పినవ్. అడవి గుండె, బండరాయి అని ఏందో చెప్పినవ్. ఎట్ల కాదంట?”

నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. అంత మంచితనం మీద ఇంకేం రావాలి. “రేపు పొద్దున గుట్ట ఎక్కాలి,” అన్నాను.

“మేడం వద్దంటున్నదని నువ్వే అంటివి?”

“మేడంతో నేను మాట్లాడతాను.”

“మాట్లాడుతవా, కొట్లాడుతవా?”

“ఏది అవసరమైతే అది.”

రెండు కాళ్లూ లోపలికి ముడుచుకుని లేచాడు.

ఆరుద్ర కార్తె, మర్నాడు

రాత్రంతా ఆలోచించాను. ఒక నిజం చెప్తే కూత పోతుంది. ఒక అబద్ధం చెప్తే మేడం నిజాయితీ పోతుంది. ఇంకో దారి ఉండాలి.

పొద్దున్నే నజీమా మేడంను గుట్ట వీపు మీదికి తీసుకెళ్లి, పందులు తవ్విన గుంతల దగ్గర నిలబెట్టాను.

“అడవి ప్రాణి అంటే ఏమిటి మేడం, మీ చట్టంలో?”

ఆమెకు కంఠతా వచ్చు. “అడవిలో తిరుగుతూ ఉండి, అది లేకపోతే అడవిలో మార్పు వచ్చే ప్రాణి.”

“రెండు కాళ్లు ఉండకూడదని ఉందా?”

ఆమె నన్ను చూసి, గుంతలను చూసింది.

“ఇన్నేళ్లలో పందులు ఇక్కడికి రాలేదు. కూత ఆగాక వచ్చాయి. నేను పులిహోర వల్ల అనుకున్నాను. పులిహోర ఎప్పుడూ ఉంది మేడం, జనం ఎప్పుడూ వస్తూనే ఉన్నారు. లేనిది కూత ఒక్కటే. ఒక ప్రాణి లేకపోతే ఇంకోటి పైకి వచ్చి మొక్కలన్నీ పోవడం కంటే మార్పు ఏముంటుంది? మీరు అబద్ధం రాయొద్దు. మొత్తం నిజం రాయండి. ఇది మనుషుల కూత అని రాయండి, ఈ అడవి ప్రాణుల్లో ఇదొకటి అని కూడా రాయండి.”

అరిచాననుకుంటాను. కింద దారిలో నడిచేవాళ్లు ఆగి పైకి చూశారు.

నజీమా మేడం గుంత దగ్గర కూర్చుని, వేరు తెగిన మొక్కను చేతిలోకి తీసుకుంది. అప్పుడు పడమటి వాలు నుంచి, ఎవరూ చెప్పకుండానే, ఓదెలు తాత కూశాడు. తూర్పు నుంచి వెంటనే పోశవ్వ. ఆ వెనకే, “మోకాళ్లు అరిగినయన్నరు, నాలుక మంచిగనే ఉన్నదా మర్ది?” “నీ తిట్లు లేక తుప్పు పట్టింది వదినే.”

మేడం తల వంచుకుని నవ్వింది. నవ్వుతూనే రాసింది. “పై ఆఫీసులో నన్ను పిచ్చిదంటారు.”

“అననివ్వండి.”

“ఒక మాట విను. ప్రాణిగా రాసేశాను. రేపు ఇది మళ్లీ ఆగిపోతే నేను అడ్డుపడలేను. అప్పుడు మూత ఖాయం.”

అప్పటికి ఇద్దరూ చెరో వైపు నుంచి ఎక్కి వచ్చారు, రొప్పుతున్నారు. తాత చెట్టు పట్టుకుని నిలబడ్డాడు. పోశవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ రొప్పు వింటుంటే మేడం మాట మా అందరికీ అర్థమైంది.

“ఎవ్వలన్న నేర్సుకోవాలె,” అంది పోశవ్వ చివరికి. అందరూ నా వైపే చూశారు.

ఆరుద్ర కార్తె, చివర్లో

పగలు మొక్కలు మళ్లీ పాతాం. ఆ పులిహోర కుటుంబం మళ్లీ వచ్చింది. పసిపిల్ల తల్లి వెనక దాక్కుంది. దాని చేతికి విత్తన బంతి ఇచ్చి, ఎక్కడ వేయాలో చూపించాను. వేసి, పరుగెత్తి వెళ్లి మళ్లీ దాక్కుంది. పరవాలేదు, మొదలైంది.

సాయంత్రాలు పోశవ్వ దగ్గర పాఠం. నాకు రావడం లేదు.

“నువ్వు నినాదం ఇస్తున్నవే. కూసేది గెలవటానికి కాదు, అవతలోడు ఉన్నడా అని.”

“నీకెవరు నేర్పారు అవ్వా? నువ్వు బాయి దిగలేదు కదా.”

గింజలు చెరగడం ఆపలేదు. “మా ఆయన నిద్రల కూసేటోడు. చెమటలు పట్టి. నేను బదులిచ్చేదాకా ఊకోకపోతుండె. ఇస్తె సప్పున పండుకునేటోడు.” చేటలోంచి పొల్లు ఊదేసింది. “గట్ల ఇయ్యాలె. ఎవ్వలో నిద్రల అడిగినట్టు.”

ఇవాళ తూర్పు వాలు మొదటిసారి నాకే ఇచ్చారు. ఒక్కదాన్నే. కూశాను. అవతల నుంచి ఏమీ రాలేదు. ఆకుల చప్పుడు, వాన చుక్కలు. మళ్లీ కూశాను. అప్పుడు నా గొంతులో గెలవాలన్నది ఏదీ లేదు, ముసలాయన ఏమైపోయాడో అన్న భయం తప్ప. ఆ భయంతోనే మూడోసారి కూశాను.

“ఊ… హోయ్. ఇన్నా తియ్యి, ఇన్నా. చెప్పులకు ముల్లు గుచ్చింది, తీస్తున్న.”

కిందికి దిగేసరికి గేటు దగ్గర జనం మూగి ఉన్నారు. చెవి పలక ఆకుపచ్చగా ఉంది. ఓదెలు తాత కళ్లద్దాలు పెట్టుకుని అందరికీ వినిపించేలా చదివాడు.

“జత ప్రాణి క్షేమం. తూర్పు వాలులో కొత్త గొంతు వినిపించింది. గొంతు ఇంకా లేత. జతకు పుట్టిన పిల్ల అయి ఉండవచ్చు.”

“నాకు ఈ వయసుల పిల్లను జేసిన్రు,” అంది పోశవ్వ. మేడంతో సహా అందరూ కడుపు పట్టుకుని నవ్వారు.

నాకు పంతొమ్మిదేళ్లు నిండాయి, ఓటు కూడా ఉంది, ఆ మాట దిద్దించాలని ఫిర్యాదు రాయబోయాను. పోశవ్వ నా చేతిలోంచి పెన్ను లాక్కుని తన కొప్పులో గుచ్చుకుంది.

“ఉండనియ్యే. అడవికి తెల్వదా, ఎవ్వలు పిల్లలో.”